నడిపే ముందు చదువు

జహంగీర్,
పెన్‌డ్రైవ్‌ల రెండున్నయి.
పెద్దది రైలు లైను, మహబూబ్‌నగర్ నుంచి గద్వాల దాక.
చిన్నది ఈ కాగితం.
పెద్దదాన్ని ఎక్కించుకో, చిన్నదాన్ని చదువు.
చదవకున్నా రైలు నడుస్తది,
తాళం ఏం పెట్టలే.

నాలుగేండ్లు పట్టింది.
లోకమంతటికీ ఆయనకు ఆరు దినాలు చాలినయట,
నాకు ఈ ఒక్క లైనుకే
కండ్లద్దాలు రెండుసార్లు మారినయి.

మొదట్ల నేలంతా చదునుగ ఉండె, పచ్చగ, ఎవరి దేశమో.
ఆటల దొరికిన చెట్లన్నీ మంచు మోసే చెట్లు.
మన్యంకొండ కింద నిలబెడితే
ఊరు తప్పి వేరే పెండ్లికొచ్చిన చుట్టాల లెక్క కనబడ్డయి.
పీకేసిన.
ఫోన్ పట్టుకపోయి సీతాఫలం చెట్టును
నాలుగు దిక్కుల నుంచి ఫోటో తీసిన,
తుమ్మను, ఈతను తీసిన,
ఒకదాని మీద ఒకటి కూసున్న గుండ్లను తీసిన,
ఎవరు పేర్చిండ్రని నువ్వు నేను కొట్లాడుకున్నమే, అవే.

దేవరకద్ర ప్లాట్‌ఫాం అడుగులతోని కొలుస్తుంటే
పోలీసాయన ఏం చేస్తున్నవన్నడు.
రైలు ఆట కోసం సార్, అన్న.
నా నెత్తి మీది తెల్ల వెంట్రుకలు చూసి ఊకున్నడు.
కృష్ణ మీది వంతెనకు ఖానాలెన్నో
మూడుసార్లు పాసింజర్ల పోయి లెక్కపెట్టిన,
మూడు లెక్కలొచ్చినయి.
నాలుగోసారి కండ్లు మూసుకొని
చప్పుడును లెక్కపెట్టిన.

తప్పులున్నయి, దాచను.
వాన పెట్టలే; పెడితే స్టేషన్ రేకుల కింద గూడ కురుస్తున్నది.
కురుమూర్తి జాతర పెడదామనుకున్న,
అంతమంది జనానికి కంప్యూటర్ ఆగిపోయింది.
నా మనసుల ఏం లేదు, నిజంగనే ఆగిపోయింది.

ఇగ కౌకుంట్ల దాటినంక ఒక గేటు.
పచ్చజెండా పట్టుకొని ఒకాయన నిలబడి ఉంటడు.
మా నాయిన, గేటు సామేలు.
ఆ గేటిప్పుడు లేదు, కింద నుంచి బాట తవ్విండ్రు.
నాయిన గూడ లేడు, పదకొండేండ్లాయె.
ముఖం గీయరాలే నాకు.
దొరికిన బొమ్మకు ఖాకీ అంగీ తొడిగి
ఎడమ భుజం కొంచెం కిందికి దించిన.
దించంగనే ఆయనైండు.

నువ్వంటవు, ఉన్నదున్నట్టు పెడతనంటివి గద,
లేని మనిషిని ఎట్ల పెడితివని.
జహంగీర్, మిగిలినవన్నీ కొలిచి పెట్టిన.
ఇదొక్కటి నమ్మి పెట్టిన.
సమాధి కాడ పాస్టరయ్య చెప్పిన మాట
ఆ రోజు నా చెవికెక్కలే,
మన్ను పడే చప్పుడే వినబడ్డది.
రాత్రిళ్ళు ఈ పట్టాలు పరుస్తుంటే
ఒక్కొక్క స్లీపరు, ఒక్కొక్క స్లీపరు,
మెల్లగ ఎక్కింది:
ఒక ఆదివారం తెల్లారంగ ఖాళీ అయిన ఒక్క సమాధి
వెనక నిలబడ్డ బండ్లన్నిటికీ లైన్ క్లియర్ అని.
సామేలు అక్కడ నిలబడుడు తప్పు కాదు,
తారీకు ముందుగాల పడ్డది, అంతే.

నిన్ను ఇటు రమ్మని కాదు.
గద్వాల స్టేషన్ బయట ఆటో ఆపి నువ్వు నమాజుకు పోతే
నీ సవారీని మాటల్ల పెట్టి కూసోబెట్టింది నేనే గద.
నాకు ఊకెనే దొరికింది, ఊకెనే ఇస్తున్న.
ఎవరికన్న ఇచ్చుకో.
ఈ కాగితం బరువైతే తీసేసి ఇయ్యి,
సామేలును మాత్రం తీయకు.

గేటుకు ముందు పసుపు బోర్డొస్తది, హారన్ కొట్టు.
బొమ్మకు వినబడదు.
అయినా కొట్టు.

వంతెన మీద ముప్పై దాటకు,
ఏడో ఖానా కాడ పట్టా సరిగ అతకలే, బండి నదిల పడుతది.
పెన్‌డ్రైవ్ మా చెల్లె ఎస్తేరుది,
ఆదివారం లోపల తిరిగియ్యాలె.

ఏలియా,
జిరాక్సు దుకాణం, దేవరకద్ర