రెండుకీ మూడుకీ మధ్య

రాయగడలో పేపర్ మిల్లు దాటాక
మా షెడ్డు ముందు ఆగింది ఇల్లంత బండి.
లోపల గ్యాసు పొయ్యి, మడత మంచం,
గోడ నిండా సంతల్లో అమ్మే కళ్లజోళ్లు.
"చదును రోడ్డు మీదా అరుస్తాది బాబూ,"
అన్నాడు బేణుధర్ బెహరా
ఒడియా దండెం మీద తెలుగు ఆరేసినట్టు.

క్లచ్ లేని బండి.
నా ఎడమకాలి ఇరవయ్యేళ్ల చదువు దీని దగ్గర చెల్లదు.
నడిపి చూశాను:
రెండులో గొంతు చించుకుని, చించుకుని,
ఎప్పటికో మూడులో ధబ్బున పడింది.
కళ్లజోళ్లన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి.

బాక్సు పోయింది, దింపాల్సిందే, లక్షన్నర
అన్నారట జయపురంలో.

నేను దింపలేదు.
ఇంజను వేడెక్కనిచ్చి, ఆపకుండా,
పొడుగాటి పుల్ల లాగి పాత బనీను మీద తుడిచాను.
ఎరుపే. మాడు వాసన లేదు.
నమ్మకం చాలక మళ్లీ వాసన చూశాను.

తర్వాత కిందికి దూరి
వేలెడు రబ్బరు గొట్టం తడిమితే
వెనక వైపు, కంటికి ఆనని చోట, పగులు.
అక్కడ గాలి జారిపోతే
బాక్సుకి ప్రతి రోడ్డూ ఘాటే;
బరువు మోస్తున్నాననుకుని
పాపం, గేరు వదలదు.

నలభై రూపాయల గొట్టం.
నాగావళి వంతెన దాకా పోయి వచ్చాం.
వెనక సుకాంతి
రెండు చేతులా అద్దాల అట్ట అదిమి పట్టుకునే ఉంది.
"మూడు ఎప్పుడు పడతాది?" అంది.

పడి చాలాసేపయిందమ్మా.

చెప్పినా చేతులు తియ్యలేదు.
నా ఎడమకాలూ అంతే,
ఖాళీలో దేన్నో తొక్కుతూనే ఉంది.