నూట యాభై ఒకటో కనెక్షన్

రాత్రి రెండుంబావుకి దిండు కింద ఫోను వణికింది.
సీపీయూ తొంభై ఆరు శాతం.
మెమరీ ఎనభై తొమ్మిది.
డేటాబేస్ కనెక్షన్లు
నూట యాభైకి నూట యాభై.

మేం అమ్మేది నీళ్లు.
మేమంటే నేనూ, ముగ్గురు లారీ ఓనర్లూ,
నెలకి మూడువేల రెండొందల అద్దెకి ఒక సర్వరూ.
అదెక్కడుందో నేను చూడలేదు.
ఏదో చల్లటి గదిలో ఉంటుందట,
దాని ఒళ్లు చల్లార్చడానికీ నీళ్లే కావాలట.

ఫిబ్రవరిలో ఈ గీత
చాప మీద మనిషిలా అడ్డంగా పడుకునేది.
ఏప్రిల్లో మోచేతి మీద లేచింది.
ఇప్పుడు మే నెల,
నిలబడి తలుపు బాదుతోంది.

లారీల లెక్క చూసే సెంబియన్‌కి గ్రాఫులతో పనిలేదు.
మాధవరం బోర్లో తాడు వదిలి
తడిసిన మేర జానలతో కొలుస్తాడు.
"మీరు చేసేదీ ఇదే కదా సార్" అన్నాడోసారి.
కాదందామనుకున్నాను.
ఎలా కాదో తోచక టీ తాగాను.

నూట యాభై నిండినా నాకు దారుంది.
నిర్వాహకుడి కోసం ఒక కుర్చీ
ఎప్పుడూ ఖాళీగా దాచి ఉంచుతారు.
లోపలికి వెళ్లి చూస్తే
అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఇరుక్కుని ఉన్నారు:
నా లారీ ఎక్కడ?

ఆ క్వెరీ రాసింది నేనే.
నవంబర్లో, ఇండెక్స్ లేకుండా.
అప్పుడు వేళచ్చేరిలో మోకాలి లోతు వాన,
చెప్పులు చేత్తో పట్టుకుని ఇల్లు చేరిన రోజులు.
నీళ్లెవరు కొంటార్లే అనుకున్నాను.
ఇప్పుడది ప్రతి ప్రశ్నకీ
రెండు లక్షల బుకింగుల్నీ మొదట్నించీ తడుముతోంది,
ఇంటి నంబర్లు లేని వీధిలో
కొత్త పోస్ట్‌మ్యాన్ లాగా.

ఎర్ర పెట్టెలో ఒక హెచ్చరిక:
అనుమానాస్పద రద్దీ. ఒకే నంబరు.
సాయంత్రం ఏడు నుంచి నాలుగొందల పదిహేడు సార్లు.
దాడి కావచ్చు. ఆపమంటారా?

పేరు చూశాను. గజలక్ష్మి.
వ్యాసర్పాడి, రేషన్ షాపు వెనక సందు,
పచ్చ గేటు, నాలుగు కుటుంబాలు.
మంగళవారం బుకింగు. డబ్బు కట్టేసింది.
ఆవిడ పేరున రాసిన లారీ నంబరు నాకు తెలిసిందే.
నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సందులో
వెనక్కి తిప్పలేక అరగంట హారన్ కొట్టింది.
అసోసియేషన్ సెక్రటరీ కిందికి దిగి
డ్రైవరు జేబులో ఏదో పెట్టడం
నేను బాల్కనీలో బట్టలు తీస్తూ చూశాను.
రాత్రి ఆ నీళ్లతోనే స్నానం చేశాను,
రెండో బకెట్ కూడా.

ఆపలేదు.
ఇండెక్స్ వేశాను. నలభై ఒక్క సెకన్లు పట్టింది.
తొంభై ఆరు కాస్తా పదకొండుకి పడింది.
గీత మళ్లీ చాప మీద వాలింది.
ఇక ఆవిడ ఎప్పుడడిగినా
రెప్పపాటులో జవాబు వెళ్తుంది:
మీ లారీ ఇంకా బయలుదేరలేదు.

సెంబియన్‌కి ఫోన్ చేశాను.
నిద్రలోంచి, "అంజు మణికి డ్రైవర్ వరువాన్ సార్" అని,
నేను తెలుగువాణ్ణని గుర్తొచ్చి
"ఐదింటికి" అన్నాడు.
పచ్చ గేటు అన్నాను. ముందు అక్కడికే అన్నాను.
ఈ వారం ఆ మాట ఎంతమంది అన్నారో
అతను నాకు చెప్పలేదు.

కింద మా సంపు మోటారు దానంతటదే మొదలైంది.
తెర నిండా పచ్చ చుక్కలు.
నాలుగొందల ముప్ఫై. ముప్ఫై ఒకటి.

ఐదుంబావు దాటాక
లాగులో ఆ నంబరు ఆగిపోయింది.
లారీ చేరిందో,
ఫోన్లో చార్జింగ్ అయిపోయిందో
చెప్పే గ్రాఫు
నేనింకా గీయలేదు.