పట్టే ముందు

అయనావరంలో బ్యాటరీ కొట్టు మీది మేడగది.
కిటికీ తెరిస్తే ఆసిడ్ వాసన,
మూస్తే నువ్వుల నూనె వాసన.
ఒక బల్ల, నాలుగు దుప్పట్లు,
నా చేతిలో గీతల నోటు పుస్తకం.

ముందు నూనె కాదు, ప్రశ్నలు.
షుగరుందా? ఏమేం మాత్రలు?
రక్తం పలచన చేసేవేమైనా ఉన్నాయా?
ఎక్కడ కోశారు, ఎప్పుడు కుట్టారు?
"ఒళ్ళు పట్టించుకుందామని వస్తే
రేషను కార్డుకు రాసినట్టు రాస్తావేందమ్మా"
అని నవ్వుతారు కొందరు.
రాస్తూనే ఉంటాను.

మా నాయన చూళై తాలింఖానా మనిషి.
ఆయన బొటనవేలు దిగితే
పహిల్వాన్లు అమ్మను పిలిచేవాళ్ళు.
"అరిచాడంటే నొప్పి దొరికిందనే లెక్క" అనేవాడు.
నా పని ఒకసారి గుమ్మంలో నిలబడి చూశాడు.
"ఇది పట్టడమా, పిల్లిని నిమరడమా?"
చెప్పులేసుకుని దిగిపోయాడు.

నాయనా,
నీ దగ్గరికి వచ్చినోళ్ళు గట్టోళ్ళు.
నా మెట్లెక్కేవాళ్ళు
మధ్యలో రెండుసార్లు నిలబడి
గోడను పట్టుకుని ఎక్కేవాళ్ళు.

రాజ్యం టీచరుకు ఎడమ రొమ్ము తీసేశారు.
చంకలో గ్రంథులు కూడా పోయాయి.
చెయ్యి నీళ్ళు నింపిన తిత్తి.
దానికి గాజు పట్టదు,
మాట్లాడేటప్పుడు కుడిచెయ్యే ముందుకొస్తుంది.
ఆ వాపు మీదికి నేను నేరుగా వెళ్ళను.
కాలవ తీసేవాడు ముందు తూము తెరుస్తాడు:
మొదట మెడ, తర్వాత భుజం, మోచెయ్యి,
వేళ్ళు చిట్టచివర.
నా అరచెయ్యి రూపాయి బిళ్ళంత బరువు.
చర్మం జరగాలి,
కండకు కబురు తెలియకూడదు.
"ఏమైనా చేస్తున్నావా?" అంటుంది కళ్ళు మూసుకుని.
కాసేపటికి అడగడం మానేస్తుంది.

మంగళ, గురు, శనివారాలు
ధనకోటి ఆస్పత్రి మిషనువాడు.
బుధవారం నావాడు.
"పాదాలు ఇంకా గట్టిగా" అంటాడు.
ఆ మాట పాదాలది కాదు, వాటికి తెలివి పోయి మూడేళ్ళు.
అందుకే ఆయన నోరు వినను,
వేళ్ళ రంగు చూస్తాను,
గోరు పక్కన చిన్న పుండు కోసం వెతుకుతాను.
ఎడమ ముంజేతిని దిండు మీద పెట్టి వదిలేస్తాను.
సూదుల కోసం నరాన్ని నరానికి కలిపిన చోటు అది,
దాని మీద నా నీడ కూడా ఒత్తకూడదు.
ఒకరోజు ఆయనే అన్నాడు, వేలు ఆనించి చూడమని.
ఈకంత తేలిగ్గా ఆనించాను.
లోపల గిర్రున ఏదో తిరుగుతోంది.
"కుట్టు మిషను అమ్మేశానమ్మా.
ఇది మాత్రం తొక్కకుండానే నడుస్తా ఉంది."

మొన్న ఒక కుర్రాడు, పేరు కూడా రాయలేదు,
రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు.
"పిక్క పట్టేసింది అక్కా."
రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను.
కుడిది లావు, నున్నగా మెరుపు.
చేతి వెనకవైపు ఆనిస్తే పొయ్యి.
నూనె సీసాకు మూత పెట్టేశాను.
"డబ్బులిస్తాను కదా, రెండు నిమిషాలు రుద్దు" అన్నాడు.
"రుద్దను. నువ్వూ రుద్దుకోకు."
కింది కొట్టువాణ్ణి కేకేసి ఆటో పిలిపించి
కీల్పాక్ ఆస్పత్రి అని చెప్పి
ఛార్జీ నేనే ఇచ్చాను.
అతను తిట్టుకుంటూ వెళ్ళాడు.
ఏమైందో నాకు తెలియదు.

రాత్రి నాయన అడిగాడు,
"ఇవాళ ఎంతమందిని పట్టావు?"
"ఒకణ్ణి పట్టలేదు" అన్నాను,
సంగతి చెప్పాను.
చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు.
తర్వాత మోకాలు నా వైపు జరిపి
"సరే, ఇది చూడు" అన్నాడు,
మొహం గోడకు తిప్పి.

నోటు పుస్తకం తెరిచాను.
"ముందు చెప్పు నాయనా, ఏమేం మాత్రలు?"
నాతోనా అన్నట్టు చూశాడు.
లేచి వెళ్ళి, తలగడ గలీబులో చెయ్యి పెట్టి
ఒక్కో అట్టా తీశాడు.
అందులో మూడు
నాకు తెలియనివి.