తిప్పి రాసిన అక్షరం

మా జట్టు పేరు హెరాన్స్. అంటే కొంగలు.
పెట్టినవాడెవడో గాని అన్నీ ముందే తెలిసినవాడు.
మూడో స్ట్రైకు నడిమధ్య నుంచి దూసుకుపోతుంటే
భుజం మీద బ్యాటు, వెనక కాలి మీద బరువు,
అచ్చం కొంగ జపం.
చేప వెళ్ళిపోయాక కళ్ళు తెరుస్తారు.

అలా చూస్తూ నిలబడి అవుటైతే
స్కోరు పుస్తకంలో 'కె' అక్షరాన్ని తిప్పి రాయాలి,
మనకి వీపు చూపిస్తున్నట్టు.
బడిలో వేయకముందే మా నాన్న ఒట్టో
నాకు నేర్పిన మొదటి అక్షరం అదే.
టీచరు మిసెస్ ప్రూయిట్ నా నోటుబుక్కు చూసి
"పిల్లకి కళ్ళజోడు కావాలేమో" అని చీటీ పంపింది.
ఆ చీటీ వెనకే నాన్న
ఆ రాత్రి స్కోరు వేసుకున్నాడు: పదకొండు, రెండు.
ఆ రెండు ఎవరివో చెప్పక్కర్లేదు.

ఏప్రిల్లో సరస్సు మీది గాలికి
బీరు గ్లాసుల్లో మంచు రవ్వలు పడతాయి ఇక్కడ.
నా ముందు సీటు డెల్ఫీన్‌ది. డెబ్బై తొమ్మిదేళ్ళు.
శాలువా అల్లుతుంది, ఆటకో వరస,
ఓడితే బూడిదరంగు, గెలిస్తే ఎరుపు.
"ఎర్ర ఊలు ఒక్క ఉండే కొన్నాను,
ఇరవై ఏళ్ళైంది, ఇంకా ఉంది" అంటుంది
పొదుపు గురించి చెబుతున్నట్టు.

ఒకే ఒక్క ఏడు, అప్పుడు నాకు పంతొమ్మిది,
ఇంకొక్క అవుటు దొరికితే కప్పు మాది.
బంతి లేచి లైట్లలో కలిసిపోయింది.
లెఫ్ట్ ఫీల్డరు రెండు చేతులూ చాపాడు.
స్టేడియమంతా లేచి నిలబడింది.
తర్వాతి సంగతి మా ఊళ్ళో ఎవరూ ఎత్తరు.
గడిలో ఏడు వేయబోయి నాన్న
పెన్సిల్ మొన ఆనించి అలాగే ఉండిపోయాడు.
ఆ పేజీకి అక్కడ చిన్న చిల్లు.

పోయిన ఆగస్టులో, ఆస్పత్రి గదిలో,
రేడియోలో ఏడో ఇన్నింగ్స్ నడుస్తుండగా నిద్రపోయాడు.
నర్సు వచ్చి రేడియో కట్టేయనా అంది.
వద్దన్నాను.
మిగతా రెండు ఇన్నింగ్సులూ నా చేతిరాతలో ఉన్నాయి,
కొంచెం వంకరగా.

ఇవాళ తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు,
ఒక్క పరుగే వెనక.
డెల్ఫీన్ సంచిలోంచి ఎర్ర ఊలు తీసి
ఒళ్ళో పెట్టుకుంది.
నేను చూశానని తెలిసి "ఊరికే" అంది.
కొత్త కుర్రాడొకడు వచ్చి నిలబడ్డాడు,
భుజం మీద బ్యాటు.