పద్దుకెక్కని నీడ

ఇస్తికానాల్లో చాయ్ పోస్తా అంతా ఇన్నా నేను.
మిస్రీ ఇంజినీరు వాయిల్
దివానియాలో ల్యాప్‌టాప్ తెరిచి
బాబాకు సూర్యుణ్ణి బేరం పెట్టినాడు.

ఇరవై నాలుగు పలకలంట.
ఇనుప కాళ్లు, తీగలు, ఇన్వర్టరు,
నెలకు రెండుసార్లు దుమ్ము తుడిచే కూలి.
ఆ కూలి ఎవరికీ పోదని నాకు తెలుసు,
ఈ ఇంట్లో చీపురూ బకెట్టూ నా చేతిలోనివే.
అన్నీ కూడి, కింద గీత గీసి,
ఒక అంకె చూపించినాడు.
బాబా మీసంలో నవ్వినాడు.

"నా కరెంటుకు నేనిచ్చేది చిల్లర ఫిల్సులు.
తక్కింది సర్కారు మోస్తాది.
నీ పలకలు వాటి ధర అవి సంపాదించుకునే పొద్దుకు
నా మనవడికి గడ్డం నెరుస్తాది."

వాయిల్ తగ్గలా.
"ఈ పొద్దు రాయితీ కరెంటు మీద ఉండాది,
రేపు పలకల మీదికి రావచ్చు గదా?"
"ఇన్షా అల్లా" అన్నాడు బాబా.
తొమ్మిదేండ్లుగా ఈ ఇంట్లో ఉండా.
ఏ గొంతుతో అంటే అవునో, ఏ గొంతుతో అంటే కాదో
వంటింట్లో నుంచే చెప్పగలను.
ఇది కాదు.

రాయచోటి నుంచి మా అక్క వాయిస్ మెసేజీ:
"ఏమ్మే రెడ్డెమ్మా, ఇంటి మీద పలకలేస్తే
గవర్మెంటోళ్లు కొంత ఇస్తారంట.
తక్కింది నువ్వు పంపితే
బిల్లు బాధ ఉండదు."
ఆడ కరెంటు ప్రియం, అందుకని పలక చవక.
ఈడ కరెంటు చవక, అందుకని పలక ప్రియం.
పైనుండే వానికి ఈ సంగతేం తెలీదు,
రెండు తావులా ఒకే తీరుగా కాలుస్తాడు.

నా గది మేడ మీద,
నీళ్ల ట్యాంకుకూ డిష్షుకూ నడుమ.
ఏసీ ఉండాది. రిమోటు మామా దగ్గర ఉండాది.
పొద్దున ఆరుకు ఆగితే
రాత్రి పదికి తిరుగుతాది.
చిల్లర ఫిల్సుల కరెంటు
నా గది గడప దాకా వచ్చి ఎట్లా ప్రియమైపోతాదో
వాయిల్ లెక్కలో దానికి గడి లేదు.

ఆగస్టులో జహ్రా కుళాయి తిప్పితే చెయ్యి బొబ్బలెక్కుతాది.
అందుకే రాత్రే డ్రమ్ముకు పట్టి పెడతా,
మధ్యాన్నానికి అదీ గంజి కాగినట్టు కాగుతాది.

నమూనాకని తెచ్చిన రెండు పలకలు
మేడగోడకు ఆనించి పోయినారు,
బేస్తవారం వచ్చి తీసుకుపోతామని.

ఆదివారం, ఇల్లంతా కునుకు తీసే వేళ,
నిండు గ్యాసు బండను ఒంటిగా తిప్పేదాన్ని, ఇదెంత అని
ఒకటి ఈడ్చి డ్రమ్ము మీద వాల్చినా.
ఇంకోటి నా పడమటి గోడకు.
తీగ లేదు, మీటరు లేదు,
ఒక్క యూనిట్టూ పుట్టలా.
నీడ పుట్టింది.

సోమవారం మధ్యాన్నం డ్రమ్ములో చెయ్యి పెట్టినా,
చెయ్యి చెయ్యిలానే ఉండాది.
గోడకు వీపు ఆనించినా,
గోడ ఏమీ అనలేదు.

ఏజెంటుకు కట్టిందీ, చీటీకి కట్టేదీ,
అక్కకు పంపిందీ రాసుకునే పుస్తకంలో
ఒక కొత్త వరస గీసినా.
ఖర్చు: సున్నా.
జమ: నాలుగు దినాలు.
వాటిని ఫిల్సుల్లోకి మార్చేది తెలీక
ఆ గడి అట్లే వదిలేసినా.

బేస్తవారం నేపాలీ పిల్లోడు తాడు భుజానేసుకోని వచ్చినాడు.
"ఎవరు జరిపినారివి?"
"గాలి" అన్నా.
ఆ వారమంతా డిష్షు మీది పావురం ఈక కూడా కదల్లా.

వాడు డ్రమ్మును చూసినాడు.
గోడను చూసినాడు.
నన్ను చూడలేదు.
గోడదాన్ని మాత్రం కట్టి దించుకోని,
"రెండోదానికి తాడు చాల్లేదు,
మళ్లీ వస్తా" అని మెట్లు దిగిపోయినాడు.

వాని భుజం మీద ఇంకా మూడు చుట్లు తాడు ఉండాది.