ఏడు కేసెట్లు, లాలాపేట

చెప్పుల డబ్బాలో ఏడు కేసెట్లు తెచ్చింది సలోమి.
మూత తీయగానే మొదట బయటికొచ్చింది
మిరప ఘాటు.
ఇరవై ఏళ్లు అటక మీద పడున్నా చావలేదు.
తుమ్మి, కళ్లు తుడుచుకుని
ఒక్కొక్కటీ బల్ల మీద పేర్చాను.

"మా నాన్నవి. మైకు ఏసోబు అనేవాళ్లు."
తెలియకేం.
పట్నంబజారులో చీరల తగ్గింపు ధరలకీ
సర్కసు ఇంకా మూడు రోజులేనన్నదానికీ
నీలం చొక్కాతో తప్పిపోయిన పిల్లాడికీ
ఊరంతటికీ ఒకటే గొంతు.
రిక్షాకి కట్టిన హారన్లోంచి
"గుంటూరు పుర ప్రజలకు విజ్ఞప్తి" అనగానే
బడి ఎగ్గొట్టిన నేను కూడా ఆగిపోయేవాణ్ణి,
నా సంగతే చెబుతాడేమోనని.

నా దగ్గర బతికున్న టూ ఇన్ వన్ ఒక్కటే.
హ్యాండిల్ విరిగింది. ఏంటెనా సగం.
రేడియో ముల్లు విజయవాడ దగ్గర ఇరుక్కుని
ఇటు రాదు, అటు పోదు.
టేపు భాగం మాత్రం ఇంకా నా మాట వింటుంది.
బెల్టు మార్చాను. హెడ్డుకి స్పిరిట్ దూది.
బూజు పట్టినవాటి స్క్రూలు విప్పి
చుట్టల్ని వేరే గూళ్లలోకి మార్చాను.
వదులైనవి పెన్సిలు పెట్టి బిగించి
వైరు ఒక కొస దానికీ, ఒక కొస కంప్యూటరుకీ.

ఈ పనిలో తొందర కుదరదు.
అరవై నిమిషాల టేపుకి అరవై నిమిషాలూ కూర్చోవాలి.
ఎంత బతిమాలినా
పోయినవాడు తన వేగంతోనే మాట్లాడతాడు.

మూడు రాత్రులు కూర్చున్నాను.
ఆయన "దయచేసి గమనించండి" అన్నప్పుడల్లా
వెనక ఎక్కడో దగ్గు.
పొడి దగ్గు. రెండు. ఆగి, మూడోది.
అంత మంచి గొంతుకి ఈ మచ్చేమిటని
మౌసుతో పట్టి ఎక్కడిదక్కడ చెరిపేశాను.
గురగుర తీశాను, ఫ్యాను చప్పుడు తీశాను.
తోమిన గిన్నెలా మెరిసింది గొంతు.
ఏడు వందలన్నవాణ్ణి
నా పనితనానికి నేనే మురిసి
వంద తగ్గించి పెన్ డ్రైవ్ చేతిలో పెట్టాను.

మర్నాడు షట్టరు ఎత్తక ముందే
మెట్టు మీద కూర్చుని ఉంది.
"అంతా బాగుందండీ. మా అమ్మేది?"

కేసెట్లో ఆడగొంతే లేదమ్మా అన్నాను.
"గొంతు కాదు. దగ్గు.
యార్డులో పొద్దంతా తొడిమలు తీసి వచ్చేది.
నాన్న రికార్డింగు పెడితే
కొంగు నోట్లో కుక్కుకుని మంచం వెనక కూర్చునేది.
అయినా ఆగేది కాదు.
'మార్తా, ఒక్క నిమిషం ఆపవే' అంటాడొకచోట.
అదీ తీసేశారు."

తీసేశాను.
సర్కసుకీ సబ్బులకీ మధ్య నాలుగు సెకన్లు.
పనికిరాని ముక్క అనుకున్నాను.

"ఫోటో ఒకటుంది, రేషన్ కార్డు మీద.
అందులో మేమందరం ఒకేలా ఉంటాం."

మళ్లీ మొదలుపెట్టాను.
ఆరు బుద్ధిగా పాడాయి.
ఏడోదాన్ని, ఆ నాలుగు సెకన్లున్నదాన్నే,
నా ముసలి యంత్రం కరకరా నమిలేసింది.
పళ్లచక్రాల్లోంచి లాగి
తెగిన కొసలు రెండూ కత్తెరతో సరిచేసి
గోరంత అతుకు వేశాను,
ఊపిరి బిగబట్టి.
సలోమి నా చేతుల్నే చూస్తోంది.

ప్లే నొక్కాను.
"మార్తా, ఒక్క ని"
టప్.
తర్వాత దగ్గు. రెండు. ఆగి, మూడోది.
ఆ తర్వాత,
చెరిపే తొందరలో నేను వినని చోట,
ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు.
ఆయనో, ఆవిడో.
సలోమికీ తెలియలేదు.

"ఇంకోసారి" అంది.
వెనక్కి తిప్పుతుంటే
డబ్బాలోంచి ఘాటు లేచి నాకు దగ్గొచ్చింది.
ఆపుకోబోయాను.
ఆమె మంచినీళ్ల సీసా ఇటు జరిపింది.