కుప్పమ్మ పేరుకు కాళ్ళు

లీలామహల్ సర్కిల్‌కు రెండు సందులవతల
జెరాక్స్ అంగడి మిద్దె మీద మా ఆఫీసు.
మూడు కుర్చీలు, ఒక ఫ్యాను, ఫ్యానుకు ఒకటే స్పీడు.
ఇక్కడ కూర్చొని నేను డబ్బాలు సర్దుతా.
అట్టడబ్బాలు కాదు, తెర మీది డబ్బాలు.
ఒకదాన్ని కుడికి నూకితే ఇంకోటి కింద పడుతుంది.

ఈ వారం దామలచెరువు మామిడి మండీ.
బేనీషా, తోతాపురి, నీలం, మల్గోవా:
నాలుగు గళ్ళు, ఒకే వరస కావాలన్నారు.
బొమ్మలు తీసినోడెవడో, కాయకొక కొలత.
మల్గోవా అయితే గడి దాటి
పక్కింట్లో కాలు పెట్టింది.
ఆబ్జెక్ట్ ఫిట్ కవర్ అన్నా. ఒదిగింది.
అంచులు పోతే పోనీ.
గంపలో పేర్చేటోళ్ళకు ఎప్పుడో తెలుసు,
ఎంత ఇరుకైనా కాయను నొక్కకూడదని.

'కొత్త పంట' అనే ఎర్రచీటీని
కాయ భుజం మీద కూర్చోమంటే
ఎగిరిపోయి పేజీ నెత్తిన కూర్చుంది.
అబ్సొల్యూట్ పిల్ల అది. కన్నతల్లిని చూడదు,
రిలేటివ్ ఎవరా అని పైకి ఎక్కుతూనే పోతుంది.
దోవలో చుట్టమనేవాడు ఒక్కడూ తగలకపోతే
ఊరి పొలిమేరే దానికి ఇల్లు.
తల్లి డబ్బాకు ఒక్క మాట రాసినా.
చుట్టం దొరికింది, చీటీ దిగొచ్చింది.

నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న గజేంద్ర
ప్రతి గీత చివరా ఇంపార్టెంట్ అని రాసి పోయినాడు.
తిరుపతిలో పుట్టినోడు గదా,
సిఫార్సు లెటర్ లేకుంటే దేనికీ దారి ఇవ్వరనుకున్నాడు.
ఒకరిద్దరు తెస్తే లెటరుకు విలువ.
అందరి చేతిలోనూ అదే ఉంటే
మళ్ళీ అదే క్యూ, అదే తోపులాట,
ఎవరి లెటరు పెద్దదనే తగువు.
ఒక మధ్యాహ్నమంతా కూర్చొని నలభై మూడు చింపినా.
బూడిదరంగు మెనూ తనంతట తానే పచ్చబడింది.
వారం కింద నేను రాసిన పచ్చే.

బటన్‌ను డబ్బా నడిమధ్య నిలబెట్టేదానికి
ఒకప్పుడు దాన్ని సగం కిందికి దించి,
దాని పొడుగులో సగం మళ్ళీ పైకి లాగి,
పుత్తూరు కట్టు మాదిరి బద్దలు పెట్టి కట్టేవాళ్ళంట.
ఢిల్లిబాబన్న చెప్తాడు.
ఇప్పుడు ఫ్లెక్స్. మూడు మాటలతో సరి.
ఆయన నమ్మడు.
తెర మీద స్కేలు పెట్టి కొలుస్తాడు.

శుక్రవారం సాయంత్రం ఫోను, మండీ చెంగల్రాయ మొదలియారు.
"అంతా బాగుండాది పాపా.
మా యమ్మ పేరుకు కాళ్ళేడబోయినాయి?"

చూసినా. నా పెద్ద తెర మీద కాదు,
ఆయన అరచేతిలో ఉండేంత తెర మీద.
శ్రీ కుప్పమ్మ అని ఉండాల్సిన చోట
శీ కుపమ.

లైన్ హైట్ ఒకటి. ఓవర్‌ఫ్లో హిడెన్.
ఇంగ్లీషు అక్షరానికి కొలిచి కుట్టిన చొక్కా.
అది ఇరుకింట్లోనూ ఇమిడిపోతుంది.
మన అక్షరం అట్లా కాదు.
నెత్తిన గంప, చంకన బిడ్డ, కాళ్ళ దగ్గర ఇంకో అక్షరం,
సంతకు పోయే మనిషి మాదిరి
చుట్టూ రవంత జాగా అడుగుతుంది.
వారమంతా ఆ పేరు నా ముందే ఉండాది.
నేను దాన్ని కొలిచినా,
చదవలేదు.

ఒకటిని ఒకటీ ముక్కాలు చేసినా. హిడెన్ తీసేసినా.
వత్తులు ఒకటొకటే కిందికి దిగినాయి,
బస్సు దిగి కాళ్ళు సాగదీసుకునే ఆడోళ్ళ మాదిరి.
ఆ విసురుకు కింద బటన్ రవంత జరిగింది.
ఢిల్లిబాబన్న స్కేలు తీసినాడు.

"వచ్చింది పాపా."
ఆయన వెనకాల లారీ హారను, వేలంపాట,
ఎవరో గట్టిగా కాయలు లెక్కపెడతా ఉన్నారు.
"చీటీ మీద సంతకం పెట్టేదానికి
మూడు నెలలు నేర్చుకునింది మా యమ్మ,
ఆ మూడక్షరాలూ."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"సరే, తోతాపురి రేటు మార్చు.
పొద్దున్నుంచీ పడిపోతా ఉండాది."